బస్తాలో చెయ్యి పెడితే...

మిర్యాలగూడలో వడ్లు కొనే వ్యాపారిని ఎప్పుడైనా గమనించారా? ట్రాక్టరు వచ్చి ఆగుతుంది. ఆయన వచ్చి ముందు వడ్ల రంగు చూస్తాడు. కానీ చూసినదాన్ని పూర్తిగా నమ్మడు. చొక్కా చేతులు పైకి మడిచి, మోచేతిదాకా వడ్లలోకి చెయ్యి దూరుస్తాడు. అడుగు నుంచి గుప్పెడు గింజలు తీస్తాడు. రెండు అరచేతుల మధ్య వేసి నలుపుతాడు. ఉఫ్‌మని ఊదుతాడు. పొట్టు ఎగిరిపోయాక మిగిలిన గింజని పంటికింద పెడతాడు. కటుక్కుమంటే ఒక ధర. మెత్తగా దిగితే ఇంకో ధర. ఇదంతా అయ్యేసరికి అర నిమిషం పట్టదు. రైతు నాలుగు నెలల కష్టం ఎంతకి తెగుతుందో ఆ అర నిమిషంలోనే తేలిపోతుంది.

తేమ కొలిచే మిషన్లు వచ్చి చాలా ఏళ్లయింది. ప్రభుత్వ కొనుగోలు కేంద్రాల్లో వడ్ల తేమ 17 శాతం దాటకూడదన్న లెక్కా ఉంది. సూర్యాపేట మార్కెట్ యార్డులో చూసినా, కోదాడ చుట్టుపక్కల కల్లాల దగ్గర చూసినా ఆ మిషన్ కనిపిస్తుంది. అయినా సరే, ముందు వెళ్లేది చెయ్యే. మిషన్ వంతు తర్వాతే.

ఆదివారం పూట ఈ వడ్ల బేరం కబుర్లేమిటి అంటారా? ఉంది, సంబంధం ఉంది. పెద్ద పెద్ద రోబో ప్రయోగశాలలు కొన్నేళ్లుగా తలలు బద్దలు కొట్టుకుంటున్నది ఇలాంటి అర నిమిషం పని గురించే. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2025లో ప్రకటించిన ప్రయోగంలో రోబోకి పెట్టిన పరీక్షల్లో ఒకటేమిటో తెలుసా? సరుకుల సంచిలో చెయ్యి పెట్టి అడిగిన వస్తువుని తీయడం! సంచి లోపలికి కెమెరా చూపు సరిగా ఆనదు. తడిమి తెలుసుకోవాల్సిందే. మన దగ్గర ఆరేళ్ల పిల్ల అమ్మ సంచిలోంచి చాక్లెట్ తీసినంత పని. దానికోసం అంతమంది పీహెచ్‌డీలు కూర్చోవాల్సి వచ్చింది.

నవ్వకండి. ఆ పిల్ల చేసేది చిన్న పనేం కాదు.

ఇంట్లోనే చూడండి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. ఆ మెతుకు సంగతి కంటికి తెలియదు, బొటనవేలికీ చూపుడువేలికీ తెలుస్తుంది. బియ్యంలో నీళ్లు వేలి గీతల లెక్కనే పోస్తారు. ఇక సంక్రాంతికి సకినాలు చుట్టేటప్పుడు చూడాలి... పిండి కాస్త పలచనైతే జారిపోతుంది, గట్టిపడితే మధ్యలో తెగుతుంది. చుట్టే చెయ్యి మాత్రం పక్కింటావిడతో కబుర్లు చెబుతూనే ఒత్తిడి మార్చుకుంటూ పోతుంది. ఎంత ఒత్తిడి పెట్టావమ్మా అని అడగండి. ఏం చెప్పగలదు? 'చెయ్యికి తెలుస్తది' అంటుంది. రోబో శాస్త్రవేత్తలకి వచ్చిన చిక్కంతా ఆ ఒక్క మాటతోనే. నోటితో చెప్పలేని విద్యని కంప్యూటర్‌కి ఎలా చెప్పాలి?

చదరంగం తేలిక... సకినం కష్టం

1997లో ఐబీఎం వారి డీప్ బ్లూ కంప్యూటర్ చదరంగంలో ప్రపంచ విజేత కాస్పరోవ్‌ని ఓడించింది. ఆ ఆటలో చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. ఎత్తు ఆలోచించింది కంప్యూటరే గానీ, పావుని చేత్తో పట్టుకుని జరిపింది ఎదురుగా కూర్చున్న మనిషి. 2016లో గో ఆటలో ఆల్ఫాగో గెలిచినప్పుడూ అంతే. కంప్యూటర్ చెప్పిన చోట రాయి పెట్టడానికి ఓ ఇంజినీరు పక్కనే కూర్చోవాల్సి వచ్చింది.

ఈ విచిత్రాన్ని 1988లోనే పుస్తకంలో రాసి పెట్టినాయన హాన్స్ మొరావెక్. పెద్దలు ఆడే ఆటలు, తెలివితేటల పరీక్షలు కంప్యూటర్‌కి నేర్పడం తేలికే, ఏడాది పిల్లాడి చూపూ నడకా పట్టూ నేర్పడమే మహా కష్టం అన్నది ఆయన మాటల సారాంశం. మొరావెక్ పనిచేసింది అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో. 1979లో మొదలైన ఆ సంస్థకి తొలి డైరెక్టర్ ఎవరో తెలుసా? మన దబ్బాల రాజగోపాల్ రెడ్డిగారు. ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, ప్రపంచానికి రాజ్ రెడ్డిగా తెలిసిన పెద్దాయన. కంప్యూటర్ రంగానికి నోబెల్ అంతటిదని చెప్పుకునే ట్యూరింగ్ పురస్కారం 1994లో ఆయనకి వచ్చింది. మన పల్లె పిల్లల కోసం 2008లో పెట్టిన ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీలకి చాన్సలర్‌గానూ పనిచేశారు. కంప్యూటర్‌కి వినడం నేర్పడంలో ఆయనది పెద్ద చెయ్యి. వినడం వచ్చింది, చూడటం వచ్చింది, మాట్లాడటమూ వచ్చేసింది. తాకడం దగ్గరే బండి ఆగింది.

ఎందుకాగింది? మన చేతిని ఒకసారి చూసుకుంటే తెలుస్తుంది. ఒక్కో చేతిలో, అంటే అరచెయ్యీ వేళ్లూ కలిపి, స్పర్శని పసిగట్టే నరాల తంతువులు సుమారు 17 వేలు ఉంటాయని స్వీడన్ శాస్త్రవేత్తలు 1979లో లెక్క తేల్చారు. వాటిలో నాలుగు రకాలు. నొక్కుడుని చెప్పేవి కొన్ని, చర్మం సాగడాన్ని చెప్పేవి కొన్ని, అదురుని పట్టేవి కొన్ని, వస్తువు వేళ్లలోంచి జారుతుంటే కబురందించేవి కొన్ని. గ్లాసు జారడం మొదలైతే సెకనులో పదో వంతు కూడా గడవకముందే మన పట్టు బిగుస్తుంది. మనకి తెలిసి చేసేది కాదది. 'అయ్యో' అనుకునేలోపే అయిపోతుంది.

అదే స్వీడన్ శాస్త్రవేత్తల్లో ఒకరైన రోలాండ్ యోహాన్సన్ ఓ చిన్న ప్రయోగం చేసి వీడియో తీశారు. వేళ్ల కొసలకి మత్తు ఇచ్చి, అగ్గిపెట్టెలోంచి పుల్ల తీసి గీయమన్నారు. మామూలుగా కొన్ని సెకన్ల పని. మత్తిచ్చాక కొన్ని రెట్ల సమయం పట్టింది. పుల్ల జారుతుంది, తిరగబడుతుంది, మళ్లీ పట్టుకోవాలి. కళ్లు బాగానే ఉన్నాయి, కండరాలూ బాగానే ఉన్నాయి. పోయింది స్పర్శ ఒక్కటే. ఆ వీడియో చూసినవాళ్లకి ఎవరు గుర్తొస్తారో తెలుసా? రోబోలే! ఇన్నాళ్లూ మనం టీవీల్లో చూసి మురిసిపోయిన రోబోల్లో చాలావరకు మత్తు మందు పడ్డ వేళ్లతో పనిచేసినవే.

కళ్లున్నాయి సరే...

మా మిర్యాలగూడ మిల్లుల్లో సార్టెక్స్ ఉంది కదా అంటారు అక్కడివాళ్లు. సాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చాక ఆ ఊరు వడ్లకీ బియ్యానికీ ఎంత పేరు తెచ్చుకుందో చెప్పక్కర్లేదు. సార్టెక్స్ అన్నది మొదట ఓ కంపెనీ పేరు. ఇప్పుడు రంగు చూసి బియ్యం ఏరే ప్రతి మిషన్‌నీ అలాగే పిలుస్తున్నాం. గింజలు వాలుగా జారుతుంటే కెమెరాలు ఒక్కోదాన్నీ చూస్తాయి. నల్లదో పసుపుదో కనిపించిందా, గాలి ఒక్క ఊపుతో దాన్ని పక్కకి ఊదేస్తుంది. ఒకప్పుడు ఆడవాళ్లు చేటల ముందు కూర్చుని చేసిన పని. మిషన్‌కి కళ్లొచ్చాయంటే ఒప్పుకోవాల్సిందే.

అదే మిల్లులో ఇంకో మూలకి వెళ్లండి. వడ్ల పొట్టు ఊడదీసే రబ్బరు రోళ్లు ఉంటాయి. రెండూ ఎదురెదురుగా, వేరువేరు వేగాలతో తిరుగుతుంటాయి. ఆ రాపిడికే పొట్టు ఊడుతుంది. మధ్య సందు ఎక్కువైతే వడ్లు వడ్లుగానే వస్తాయి. తక్కువైతే గింజ విరిగి నూకైపోతుంది. అక్కడ అనుభవమున్న ఆపరేటర్ ఏం చేస్తాడు? కింద పడే బియ్యంలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, వేళ్లతో విడదీస్తూ, వేడి చూస్తూ సందు సరిచేస్తాడు. కన్నూ చెయ్యీ కలిసి చేసే పని అది. నూక ఒక్క శాతం పెరిగినా ఓనరు మొహం మారిపోతుంది మరి.

కోదాడ దగ్గర హైవే మీద టైరు పంక్చరు వేసేవాళ్లని చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. మొన్నామధ్య మా బండికి అదే గతి పట్టినప్పుడు నిలబడి చూశాను. టైరు విప్పాక ఆ కుర్రాడు లోపలి వైపు చూడనేలేదు. అరచెయ్యి లోపల పెట్టి, మెల్లగా చుట్టూ తిప్పుతూ, తల అటు తిప్పి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఓ చోట చెయ్యి టక్కున ఆగింది. సూదిమొనంత తీగముక్క. గట్టిగా రాస్తే చెయ్యి తెగుతుంది, తేలిగ్గా రాస్తే దొరకదు. ఎంత గట్టిగా రాయాలన్నది తాకుతూనే తేల్చుకోవాలి. కెమెరా ఎంత మంచిదైనా ఆ పని చేయలేదు. మీరు గ్లాసు పట్టుకోబోతే మీ చెయ్యే ఆ గ్లాసుకి అడ్డమొస్తుంది చూశారా! రోబోకీ అంతే. అసలు పని మొదలయ్యే క్షణంలోనే దాని కళ్లకి దాని చెయ్యే అడ్డం.

ముందే చదువుకున్న రోబో

ఇప్పుడు కాస్త చదువు సంగతి. ఇదివరకు రోబోకి ఒక్కో పనీ విడివిడిగా నేర్పేవాళ్లు. కప్పు తీయడం నేర్పితే కప్పే తీస్తుంది, చెంబు పెడితే దిక్కులు చూస్తుంది. ఈ మధ్య పద్ధతి మారింది. ఇంటర్నెట్‌లో ఉన్న కోట్లాది బొమ్మలూ రాతలూ ముందే చదివేసిన మోడల్‌ని తెచ్చి రోబోకి తలగా పెడుతున్నారు. గూగుల్ డీప్‌మైండ్ 2023లో ఆర్‌టీ-2 అనే మోడల్‌ని చూపించింది. బల్లమీద బొమ్మలు పెట్టి 'అంతరించిపోయిన జంతువుని తియ్యి' అంటే అది డైనోసార్ బొమ్మని తీసింది. ఆ మాట దానికి రోబో పాఠాల్లో ఎవరూ నేర్పలేదు. ఇంటర్నెట్ చదువులోంచి తెచ్చుకుంది. 2024లో ఓపెన్‌వీఎల్‌ఏ అనే ఇంకో మోడల్‌ని పరిశోధకులు అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. రోబోలు పని చేస్తుండగా నమోదుచేసిన 9 లక్షల 70 వేల ఉదాహరణలతో దానికి శిక్షణ ఇచ్చారు.

అంతా బాగానే ఉంది. కానీ ఇంటర్నెట్‌లో లేనిదేమిటో ఆలోచించండి. పండిన మామిడిపండు బొమ్మలు లక్షలున్నాయి. దాని మీద కవితలున్నాయి, వంటకాలున్నాయి. పండిందో లేదో బొటనవేలితో నొక్కి చూసినప్పుడు చేతికి తెలిసినది ఎక్కడుంది? దాన్ని ఎవరూ ఫొటో తీసి పెట్టలేదు. పెట్టే వీలూ లేదు. అంచేత ముందే చదువుకున్న ఈ మోడల్, పుస్తకాలన్నీ చదివేసి ఒక్కసారీ పొలంలో దిగని పట్నం బాబులాంటిది. నాట్లంటే ఏమిటో గంటసేపు ఉపన్యాసం ఇస్తాడు. నారు చేతికిస్తే మాత్రం...

ఇంతకీ రోబోకి స్పర్శ ఎలా ఇస్తారు? ఇక్కడో ముచ్చటైన కిటుకుంది. అమెరికాలోని ఎంఐటీలో ఎడ్వర్డ్ ఆడెల్సన్ అనే ఆచార్యుడున్నారు. ఆయన జీవితమంతా చదివింది చూపు గురించి. అలాంటాయన 2009లో తన సహచరుడితో కలిసి జెల్‌సైట్ అనే పరికరాన్ని బయటపెట్టారు. మెత్తటి జెల్లీలాంటి ముక్క, దానిమీద పల్చటి మెరుపు పూత. వెనక చిన్న దీపాలు, ఓ కెమెరా. ఏదైనా వస్తువు ఆ జెల్లీకి ఒత్తుకుంటే దాని అచ్చు పడుతుంది. ఆ అచ్చుని వెనకనుంచి కెమెరా చూస్తుంది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో మనం కాగితం మీద వేలిముద్ర వేస్తాం కదా. ఇక్కడ వస్తువే రోబో వేలి మీద ముద్ర వేస్తుందన్నమాట! ఎంత లోతుగా పడింది, ఎటు జారుతోంది, గరుకా నునుపా... అన్నీ ఆ ముద్రలోనే.

ఇంకో దారీ ఉంది. కార్నెగీ మెలన్, మెటా కలిసి 2021లో రీస్కిన్ అనే చర్మం తయారుచేశాయి. మెత్తటి రబ్బరులో అయస్కాంతపు రేణువులు కలిపి పోత పోస్తారు. నొక్కితే అయస్కాంత క్షేత్రం మారుతుంది. ఆ మార్పే స్పర్శ. వంద చొప్పున చేస్తే ఒక్కోటీ 6 డాలర్లలోపే పడుతుందన్నారు. అరిగిపోతే ఊడదీసి కొత్తది అతికించుకోవచ్చు. 2024లో మెటా చూపించిన డిజిట్ 360 అనే కృత్రిమ వేలికొస అయితే ఒక మిల్లీన్యూటన్ బలాన్ని కూడా పసిగడుతుందట. మన భాషలో చెప్పాలంటే నాలుగైదు వడ్ల గింజల బరువు!

తడిమే చదువు

వేలు దొరికింది. తలకాయా దొరికింది. రెంటినీ కలపడంలోనే అసలు తంటా.

పెద్ద మోడల్‌కి స్పర్శ కబుర్లు తగిలించి వదిలేస్తే అది వాటిని పట్టించుకోదు. ఎందుకు పట్టించుకుంటుంది? పుట్టినప్పటినుంచీ బొమ్మలు చూసే బతికింది. కొత్తగా వచ్చిన ఈ వేలి గోల దానికి అర్థంకాని భాష. బర్క్‌లీవాళ్లు ఇక్కడ తెలివైన పని చేశారు. మధ్యలో మాటల్ని దుబాసీగా పెట్టారు. వస్తువుని తాకించి, అది మెత్తగా ఉందా గట్టిగా ఉందా అన్నది మాటల్లో చెప్పించారు. మాటలు ఆ మోడల్‌కి ముందే వచ్చు కదా. 'మెత్తన' అన్న మాట తెలుసు, మెత్తదనం తెలియదు. ఇప్పుడు ఆ మాటకీ ఈ స్పర్శకీ ముడిపడింది. అలా చేశాక విజయాల శాతం 20కి పైగా పెరిగిందని వాళ్ల నివేదిక. అమ్మమ్మ మనవరాలి చేతిని పిండిలో పెట్టించి 'ఇదిగో, ఇలా ఉండాలి చూడు' అని చెప్పడం గుర్తొచ్చింది నాకు. చెయ్యి పిండిలో, మాట చెవిలో.

రెండో పద్ధతి ఇంకా సరదాగా ఉంటుంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంవాళ్లు 2023లో రోబోని ఆటలాడించారు. ఇది చెయ్యి అది చెయ్యి అని లేదు. నాలుగు వేళ్ల రోబో చేతికి స్పర్శ పరికరాలు తొడిగి, వస్తువుల్ని ఊరికే పట్టుకోవడం, తిప్పడం, నొక్కడం చేయించారు. మొత్తం రెండున్నర గంటల ఆట. ఆ ఆటలోంచే స్పర్శ అంటే ఏమిటో దానికి ఓ అవగాహన వచ్చింది. ఆ తర్వాత సీసా మూత తిప్పడం, ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న గిన్నెల్ని విడదీయడం వంటి పనులు కొద్దిపాటి ఉదాహరణలతోనే నేర్చుకుంది. చంటిపిల్లలు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటే విసుక్కుంటాం గానీ, వాళ్లు చేస్తున్నదీ అదే. మెటావాళ్లు 2024లో స్పార్ష్ అని మన సంస్కృతం మాటే పేరుగా పెట్టి ఓ మోడల్ చేశారు. 4 లక్షల 60 వేలకు పైగా స్పర్శ బొమ్మలు చూపించి, మనుషులెవరూ పక్కన కూర్చుని ఇదేమిటో అదేమిటో చెప్పకుండానే దానికి నేర్పించారు.

ఇక మూడోది వేగం సంగతి. పెద్ద తలకాయ నెమ్మదిగా ఆలోచిస్తుంది. ఆర్‌టీ-2లో అన్నిటికన్నా పెద్ద మోడల్ సెకనుకి ఒకటి నుంచి మూడుసార్లే చేతికి ఆదేశం ఇవ్వగలిగేది. జారే గ్లాసు అంతసేపు ఆగుతుందా? అందుకే 2025లో షాంఘై జియావో టాంగ్ విశ్వవిద్యాలయంవాళ్లు పనిని రెండుగా పంచారు. ఏం చేయాలో నెమ్మదిగా ఆలోచించే భాగం ఒకటి. స్పర్శని బట్టి ఆ కదలికని అప్పటికప్పుడు సరిదిద్దే చురుకు భాగం ఇంకొకటి. పరీక్షగా కీర దోసకాయ తొక్క తీయించారు. మధ్యలో దోసకాయని మనిషి కదిపినా కత్తి దాన్ని వదలకుండా వెంబడించింది. సకినం చుట్టే ఆవిడ కబుర్లు చెబుతూనే చుట్టడం ఎలా సాధ్యమో ఇప్పుడు అర్థమైంది కదా. ఆలోచన ఒకచోట, చెయ్యి మరోచోట.

ఇవన్నీ చదివి రేపో మాపో రోబో వచ్చి మన వంటింట్లో సకినాలు చుడుతుందని ఆశపడకండి. ప్రయోగశాలలో ఒక్కో పనీ కొన్ని పదులసార్లు చేయించి శాతాలు లెక్కగడతారు. మన మిల్లుల్లో ఊకా దుమ్మూ ఎలా ఉంటాయో మనకు తెలుసు. అక్కడ ఆ జెల్లీ వేలు ఎన్నాళ్లు ఆగుతుంది? ఒక వేలు అరిగి కొత్తది తొడిగితే దాని స్పర్శ పాతదానిలా ఉండదు. మళ్లీ అలవాటు పడాలి. మన చర్మం తనంతట తాను బాగుపడుతుంది, కాయలు కాసి గట్టిపడుతుంది. ఆ సౌకర్యం రబ్బరుకి లేదు.

అయితే అన్నీ ప్రయోగశాలలోనే ఆగిపోలేదు. 2025 మే నెలలో అమెజాన్ సంస్థ జర్మనీలోని డార్ట్‌మండ్‌లో వల్కన్ అనే రోబోని చూపించింది. స్పర్శ ఉన్న రోబో. గిడ్డంగిలో గుడ్డ సంచుల్లాంటి అరల్లో సరుకుల్ని పక్కకి జరిపి, సందు చేసి, కొత్తది దూరుస్తుంది. ఎంత గట్టిగా నెడుతున్నదీ దానికి తెలుస్తుంది. అక్కడ ఉండే వస్తువుల్లో సుమారు 75 శాతం రకాల్ని అది పట్టుకోగలదని కంపెనీ చెప్పింది. నిచ్చెన ఎక్కాల్సిన పై అరలూ, నడుం వంచాల్సిన కింది అరలూ దానికి అప్పగిస్తాం, మనుషులకి శ్రమ తప్పుతుంది అని కూడా చెప్పింది. శ్రమ తప్పుతుంది సరే. కూలి?

మరి హమాలీ సంగతి?

సూర్యాపేట యార్డులో సీజన్లో ఒకసారి నిలబడితే ఈ ప్రశ్న ఊరికే వచ్చేది కాదని తెలుస్తుంది. 40 కిలోల బస్తా వీపు మీద వేసుకుని లారీ ఎక్కే మనిషిని చూస్తే, ఆ బరువు ఏ యంత్రమైనా మోస్తే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది. నలభై దాటేసరికి నడుములు పోతున్నాయి. కానీ ఆ బస్తాకి ఇంత అని వచ్చే డబ్బుతోనే పిల్లల ఫీజులు కడుతున్నాడు. సార్టెక్స్ వచ్చాక చేటల ముందు కూర్చున్న ఆడవాళ్లు ఏమయ్యారని ఎవరూ లెక్క రాయలేదు.

ఇంకో మాట. ఈ రోబోలకి కావాల్సిన చేతి విద్య ఎక్కడినుంచి వస్తోంది? తమిళనాడులోని కరూర్‌లో తలకి కెమెరా కట్టుకుని తువ్వాళ్లు మడతపెట్టే ఉద్యోగాల గురించి 2025లో పత్రికల్లో కథనాలొచ్చాయి. ఆ వీడియోలు రోబోలకి పాఠాలు. మడత సరిగా రాకపోతే, సమయం మించితే ఆ వీడియో పనికిరాదు, మళ్లీ చేయాలి. ఇప్పటికైతే కెమెరానే. రేపు స్పర్శ పట్టే తొడుగులు చేతికి వేస్తారు. అలాంటి తొడుగులు ప్రయోగశాలల్లో ఇప్పటికే ఉన్నాయి. అప్పుడు పత్తి తీసే చేతులూ, మిరపకాయలు ఏరే చేతులూ, నాట్లు వేసే చేతులూ అందరికీ కావాల్సినవవుతాయి. ముప్ఫై ఏళ్లు పడి నేర్చుకున్న చేతి విద్యని ఒకరోజు కూలికి రాయించుకుంటే దాని ధర ఎవరు కట్టినట్టు? పేటెంటు అని కంపెనీలు రాసుకుంటాయి. 'చెయ్యికి తెలుస్తది' అన్న ఆవిడ పేరు ఎక్కడ రాస్తారు? నాకైతే ఈ పరిశోధనంతటిలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే అనిపిస్తుంది. దీని మీద జరుగుతున్న చర్చ మాత్రం జెల్లీ మందం మీద జరిగినంత కూడా లేదు.

మంచి వైపూ లేకపోలేదు. ప్రమాదంలో చెయ్యి పోయినవాళ్లకి పెట్టే కృత్రిమ చేతులకి ఈ స్పర్శే ప్రాణం. ఇప్పుడు దొరికే వాటిలో చాలావాటితో గ్లాసు పట్టుకుంటే దాన్ని కళ్లార్పకుండా చూస్తూ ఉండాలి, లేకపోతే జారుతుంది. వరికోత మిషన్లు, గడ్డి కోసే మిషన్లు తిరిగే మన ప్రాంతంలో చేతులు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి ఊళ్లో ఒకరిద్దరుంటారు. వాళ్లదాకా చవగ్గా వస్తే అంతకంటే ఏం కావాలి.

ఈ కథలన్నీ మూటగట్టుకుని యార్డులో ఒక సాయంత్రం చెప్పి చూశాను. నాలుగైదు గింజల బరువు కూడా తెలిసే వేలు వచ్చిందట, రేపు అది వడ్ల కుప్పలో చెయ్యి పెట్టి తేమా తాలూ చెప్పేస్తుందట అన్నాను. వడ్లు కొనే ఆయన చిన్నగా నవ్వి, 'కొరకడానికి దానికి పండ్లు గూడ పెట్టమనుండ్రి' అన్నాడు. హమాలీలు అది బస్తా మోస్తదా లేదా అన్నదొక్కటే అడిగారు. కాంటా పక్కన తువాలు పరుచుకుని కూర్చున్న ముసలి రైతు మాత్రం అంతా శ్రద్ధగా విన్నాడు. ఎంత ఖర్చవుతుంది, కరెంటు మీద నడుస్తుందా, వానకి తడిస్తే పాడవుతుందా అని ఒక్కోటీ అడిగి తెలుసుకున్నాడు. చివరికి మెల్లగా అన్నాడు.

'మంచిదే బిడ్డా. మరి అది గూడ తరుగు తీస్తదా?'

కాంటా దగ్గరున్న నలుగురూ గొల్లుమన్నారు. నేను జవాబు వెతుక్కునేలోపే ఇంకో ట్రాక్టరు వచ్చి ఆగింది. కొనే ఆయన లేచి, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ దాని దగ్గరికి నడిచాడు.